నీతికి లెక్క ఉంటుందా? గణితమూ నైతిక తర్కమూ: తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ విద్యార్థులకు పాతికేళ్లుగా గణితం చెబుతున్నాను. నీతిశాస్త్రం నాకు ఆ తర్వాత అబ్బిన చదువు. ఈ రెండింటికీ పొత్తు కుదురుతుందా అని విద్యార్థులు, సాటి అధ్యాపకులు, అప్పుడప్పుడు మా ఊరి పెద్దమనుషులు అడిగిన ప్రశ్నలను, వాటికి నేను నమ్మి చెప్పే జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను.

న్యాయానికీ లెక్కకూ సంబంధం ఎక్కడ మొదలైంది?

పంపకం దగ్గర మొదలైంది. పంటనో అప్పునో లాభాన్నో వారసత్వాన్నో నలుగురికి పంచవలసి వచ్చినప్పుడల్లా "ఎవరికెంత" అన్న లెక్కా, "ఎందుకంత" అన్న న్యాయమూ కలిసే వస్తాయి. ఇద్దరు మనుషుల అర్హతల మధ్య ఏ నిష్పత్తి ఉందో వారికి దక్కే వాటాల మధ్య కూడా అదే నిష్పత్తి ఉండాలని అరిస్టాటిల్ తన నీతిశాస్త్ర గ్రంథం ఐదో భాగంలో చెప్పాడు. అంటే పంపక న్యాయాన్ని ఆయన గణిత భాషలోనే నిర్వచించాడు. మన వైపు తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన గణితసార సంగ్రహంలో దామాషా పంపకానికి ప్రత్యేకంగా లెక్కలున్నాయి. ఆ గ్రంథాన్నే పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు. మన భాషలో తొలినాటి శాస్త్రగ్రంథం లెక్కల పుస్తకం కావడం నాకు ఎప్పుడూ సంతోషం కలిగించే విషయం.

సంభావ్యతా శాస్త్రం పుట్టుక కూడా ఇలాంటిదే. ఆట మధ్యలో ఆగిపోతే పందెం సొమ్మును ఆటగాళ్లకు ఎలా పంచితే న్యాయం అన్న ప్రశ్న మీద 1654లో పాస్కల్, ఫెర్మా ఉత్తరాలు రాసుకున్నారు. ఇప్పటిదాకా గెలిచిన ఆటలను బట్టి కాక, ఇకముందు గెలిచే అవకాశాలను బట్టి పంచాలని ఇద్దరూ తేల్చారు. న్యాయం గురించిన ఒక సందేహం కొత్త గణితానికే పునాది వేసిందన్నమాట.

సిద్ధాంతాన్ని నిరూపించినట్టు "ఇది మంచి, ఇది చెడు" అని నిరూపించవచ్చా?

నిరూపించలేమని నా అభిప్రాయం. ప్రయత్నాలు లేకపోలేదు. స్పినోజా మరణించాక 1677లో వెలువడిన ఆయన నీతి గ్రంథం యూక్లిడ్ జ్యామితి పుస్తకంలాగే నిర్వచనాలతో, స్వీకృతాలతో (నిరూపణ లేకుండా ఒప్పుకునే మాటలతో) మొదలై, ఒక్కొక్క సిద్ధాంతాన్నీ నిరూపిస్తూ సాగుతుంది. మనుషులు వాదులాడుకోవడం మాని, కలం పట్టుకుని కూర్చుని "లెక్క వేద్దాం రండి" అనుకునే రోజు రావాలని లైబ్నిజ్ కలగన్నాడు. ఇవి గొప్ప ప్రయత్నాలే అయినా, స్పినోజాను చదివి ఒప్పుకోనివారు ఆయన నిరూపణల్లో తప్పు పట్టడం కంటే ఆయన నిర్వచనాలనే ఒప్పుకోకపోవడం ఎక్కువ. చిక్కంతా అక్కడే ఉంది. గణిత నిరూపణ స్వీకృతాల్లో దాగి ఉన్నదాన్ని బయటికి తీస్తుందే తప్ప, వాటిలో లేనిదాన్ని పుట్టించదు. కుండలో లేనిది గరిటెలోకి రాదు. "ఉంది", "లేదు" అనే వాక్యాల నుంచి "ఉండాలి", "ఉండకూడదు" అనే వాక్యాలకు రచయితలు చెప్పాపెట్టకుండా దాటుతున్నారని హ్యూమ్ 1739-40లో వెలువడిన తన గ్రంథంలో ఎత్తిచూపాడు. ఎంత పెద్ద సమీకరణమైనా ఆ దాటును మన బదులు దాటిపెట్టలేదు.

అలాంటప్పుడు గణితం చేసే మేలు ఏమిటి?

మనం ఏం నమ్ముతున్నామో మనచేత ఒప్పిస్తుంది. దీన్ని నేను పుస్తకాల్లో కాదు, ఒక కమిటీ గదిలో నేర్చుకున్నాను.

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక కళాశాలలో దాత ఒకరు ఇచ్చిన సొమ్ముతో పేద విద్యార్థులకు ఉపకార వేతనాలు ఇవ్వాలని నిర్ణయించారు. ఎంపిక కమిటీలో నేనూ ఉన్నాను. మార్కులకు 60 పాయింట్లు, కుటుంబ ఆదాయం ఎంత తక్కువైతే అంత ఎక్కువగా 40 పాయింట్లు వరకు ఇవ్వాలని ఐదు నిమిషాల్లో అనుకున్నాం. దరఖాస్తులన్నీ కంప్యూటర్‌లో ఎక్కించాం. చివరి స్థానం దగ్గర ఇద్దరు అమ్మాయిల మధ్య తేడా అర పాయింటు. రాని అమ్మాయి తండ్రి మరునాడు వచ్చి, "మా పాపకు ఎక్కడ తగ్గింది సార్?" అని అడిగాడు. కాగితం ముందు పెట్టి వరుస వరుసా చూపించాను. ఆయన ఓపిగ్గా విని, వేలు పైవరుస మీద ఆనించి, "ఈ అరవై, నలభై ఎవరు పెట్టారు సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఇంట్లో 55, 45గా మార్చి మళ్లీ లెక్కవేస్తే ఆయన కూతురే ముందుంది.

మా కూడికల్లో తప్పేమీ లేదు. తప్పు చర్చించకుండా రాసేసిన ఆ రెండు అంకెల్లో ఉంది. అయితే ఇక్కడ నేను ముఖ్యమనుకునే సంగతి ఇంకొకటి ఉంది: ఆ రెండు అంకెలు కాగితం మీద ఉండబట్టే ఒక తండ్రి వాటి మీద వేలు పెట్టి అడగగలిగాడు. "అన్నీ ఆలోచించి యోగ్యులను ఎంపిక చేశాం" అని మేం ఒక్క వాక్యంతో సరిపెట్టి ఉంటే ఆయనకు వేలు పెట్టడానికి చోటే దొరికేది కాదు. మరుసటి ఏడాది దరఖాస్తులు తెరవకముందే ఒక పూటంతా కూర్చుని, ఏ అంకె ఎందుకో రెండు పేజీల్లో రాసుకున్నాం.

దామాషా ప్రకారం పంచితే న్యాయమే కదా?

దేని దామాషా అన్నదే అసలు ప్రశ్న, దానికి జవాబు గణితం ఇవ్వదు. అంతేకాదు, దామాషా ఒక్కటే న్యాయమైన పద్ధతి అనుకోవడం కూడా అలవాటు వల్ల వచ్చినదే.

యూదుల ధర్మశాస్త్రమైన తల్ముద్‌లో ఒక పాత లెక్క ఉంది. ఒకాయన చనిపోయాడు, ఆయన ఆస్తి మీద ముగ్గురికి 100, 200, 300 చొప్పున హక్కులున్నాయి, ఆస్తి అంత లేదు. ఆస్తి 100 అయితే ముగ్గురికీ సమానంగా, 300 అయితే 50, 100, 150గా, 200 అయితే 50, 75, 75గా ఇవ్వాలని అందులో ఉంది. మొదటిది సమాన పంపకం, 300 దగ్గరిది దామాషా, నడుమనున్న 50, 75, 75 ఏ పద్ధతో శతాబ్దాలపాటు పండితులకు అంతుపట్టలేదు. 1985లో రాబర్ట్ ఔమన్, మైకేల్ మాష్లర్ అనే ఇద్దరు గణితజ్ఞులు మూడింటికీ ఒకే సూత్రం ఉందని చూపించారు. తల్ముద్‌లోనే మరోచోట ఒక వస్త్రం తగాదా ఉంది: ఒకడు మొత్తం నాదంటాడు, ఇంకొకడు సగం నాదంటాడు. సగం మీద ఇద్దరికీ తగాదా లేదు కాబట్టి అది మొదటివాడిదే. తగాదా ఉన్న మిగతా సగాన్ని చెరిసగం చేస్తే మొదటివాడికి ముప్పాతిక, రెండోవాడికి పాతిక వస్తాయి. ఈ సూత్రంతోనే పై పంపకాన్ని చూడండి. 200 ఆస్తిలో మొదటి ఇద్దరికీ కలిపి వచ్చింది 125. వారి హక్కులు 100, 200. మొదటివాడు 100కు మించి అడగడు గనుక 25 మీద తగాదా లేదు, అది రెండోవాడికి పోతుంది. మిగిలిన 100ను చెరిసగం చేస్తే 50, 75. సరిగ్గా తల్ముద్ చెప్పిన వాటాలే! ఏ ఇద్దరిని తీసుకుని చూసినా ఇలాగే సరిపోతుంది.

ఈ లెక్క తరగతిలో చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. అంకెల పట్టికగా మిగిలిపోయిన ఒక న్యాయభావన వెనుక ఉన్న ఆలోచనను గణితం మళ్లీ వెలికితీసింది. కానీ అది కూడా "ఈ పద్ధతే న్యాయం" అని చెప్పలేదు. "ఈ పద్ధతి కావాలంటే మీరు ఒప్పుకోవలసింది ఇదీ" అని మాత్రమే చెప్పింది.

మనకు బాగా దగ్గరి ఉదాహరణ కృష్ణా జలాలు. 1973లో బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం లభ్యత ఆధారంగా నదిలో 2,060 టీఎంసీలు ఉన్నట్టు లెక్కగట్టి, వాడకం తర్వాత తిరిగి నదిలోకి చేరే నీటితో కలిపి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811, కర్ణాటకకు 734, మహారాష్ట్రకు 585 టీఎంసీలు కేటాయించింది. రాష్ట్ర విభజన తర్వాత ఆ 811ని 512, 299గా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాడుకునేలా 2015లో తాత్కాలిక ఏర్పాటు జరిగింది. పరీవాహక ప్రాంతం దామాషాలో పంచాలని తెలంగాణ అంటుంది. ఇప్పటికే కట్టిన ప్రాజెక్టులనూ సాగవుతున్న ఆయకట్టునూ బట్టి చూడాలని ఆంధ్రప్రదేశ్ అంటుంది. రెండు వాదాల్లోనూ భాగహారం ఒక్కటే, హారంలో పెట్టేది వేరు. నది ఎవరి నేల మీదుగా నీళ్లు పోగుచేసుకుంటుందో వారిదా, తరాలుగా దాని మీద బతుకులు కట్టుకున్నవారిదా అన్నది నైతిక ప్రశ్న. ఇందులో ఏ ఒక్కటీ వ్యర్థవాదం కాదని నేను నమ్ముతాను.

"75 శాతం లభ్యత" అన్న మాటను కూడా కాస్త ఆగి చూడాలి. నూటికి 75 ఏళ్లలో కనీసం అంత నీరు ఉంటుందని, అంటే నాలుగేళ్లకొకసారి తక్కువ పడవచ్చని దాని అర్థం. 2010లో బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 65 శాతం లభ్యతను కూడా లెక్కలోకి తీసుకుంది. శాతం తగ్గితే కాగితం మీద నీరు పెరుగుతుంది, చివరి భూముల రైతుకు నీరందని ఏళ్లూ పెరుగుతాయి. ఎన్ని ఏళ్ల ఎండుపైరును భరించమని ఒక రైతును అడగవచ్చు అన్న నిర్ణయం జలశాస్త్రపు అంకెలా కనబడుతుంది, కానీ అది నీతికి సంబంధించిన నిర్ణయం.

సుఖదుఃఖాలను కొలిచి కూడితే సరిపోతుందా?

సరిపోతుందని బెంథామ్ 1789లో వాదించాడు. ఒక సుఖం ఎంత తీవ్రం, ఎంతసేపు, ఎంత ఖాయం, ఎంత దగ్గర, ఇంకెన్ని సుఖాలకు దారితీస్తుంది, దుఃఖం ఎంత కలవకుండా ఉంటుంది, ఎంతమందికి అందుతుంది అని ఏడు కొలతలు చెప్పాడు. ప్రతి మనిషినీ ఒక్కడిగానే లెక్కించాలన్న ఆ సంప్రదాయపు పట్టుదల రాజుకూ కూలికీ తేడా చూపే కాలంలో గొప్ప నైతిక ధైర్యం.

చిక్కు కొలబద్దలో ఉంది. వేసవిలో 40 డిగ్రీల ఎండ చలికాలపు 20 డిగ్రీలకు రెట్టింపు వేడి అని ఎవరైనా అంటే భౌతికశాస్త్రం ఒప్పుకోదు. అవే వేడిమిని ఫారన్‌హీట్‌లో చెబితే 104, 68 అవుతాయి, రెట్టింపు మాయమవుతుంది. సున్నా ఎక్కడ పెట్టాలి, ఒక డిగ్రీ ఎంత ఉండాలి అన్నవి మన ఏర్పాట్లే గనుక ఇలా జరుగుతుంది. 1944లో ఫాన్ నాయ్‌మన్, మోర్గెన్‌స్టెర్న్ ఒక మనిషి రకరకాల పందేల్లో దేనికంటే దేన్ని మేలనుకుంటాడో చూసి అతని ఇష్టాలకు అంకెలు కట్టవచ్చని చూపించారు. ఆ అంకెలు కూడా ఉష్ణమాపకం లాంటివే. పైగా ప్రతి మనిషికీ తన ఉష్ణమాపకం తనదే. నా 30నీ మీ 30నీ కూడితే వచ్చే 60కి, మన కొలబద్దలు రెండూ ఒకటేనన్న ఒప్పందం ముందుగా లేకపోతే, అర్థమే ఉండదు. ఆ ఒప్పందం కొలత వల్ల రాదు, మనుషులను సమానులుగా చూడాలన్న సంకల్పం వల్ల వస్తుంది.

వైద్యంలో ఈ కూడిక రోజూ జరుగుతోంది. పూర్తి ఆరోగ్యంతో గడిచే ఒక ఏడాదిని 1గా, జబ్బుతో గడిచేదాన్ని అంతకంటే తక్కువగా లెక్కగట్టి, ఏ మందుకు ఎంత ప్రజాధనం పెట్టవచ్చో ఇంగ్లండ్‌లో నిర్ణయిస్తారు. దీనివల్ల దాపరికం తగ్గుతుంది, అది మంచిదే. కానీ వైకల్యంతో జీవించే మనిషి ఆయుష్షును ఒక ఏడాది పొడిగిస్తే ఆ లెక్కలో అది పూర్తి ఏడాదిగా నమోదు కాదు. ఈ అభ్యంతరానికి నాకు సంతృప్తికరమైన సమాధానం ఎక్కడా కనబడలేదు.

ఒకరి కంటే ఐదుగురు ఎక్కువ కదా, అక్కడైనా అంకె తీర్పు చెప్పదా?

ఇది కనిపించినంత తేలిక కాదు. ఒకే ఒక్క మోతాదు మందు ఉంది. ఒక రోగికి అది మొత్తం కావాలి, మరో ఐదుగురికి తలా ఐదో వంతు చాలు. ఐదుగురినే కాపాడాలని మనలో చాలామంది వెంటనే అంటాం. 1977లో జాన్ టారెక్ అనే తత్వవేత్త ఆ తొందరను ప్రశ్నించాడు: ఐదుగురి బాధను కూడినంత బాధ ఏ ఒక్కరి ఒంట్లోనూ లేదు, ప్రతి ఒక్కరూ పోగొట్టుకునేది తన ఒక్క ప్రాణాన్నే, అందువల్ల నాణెం ఎగరేసి ఆరుగురికీ సమానమైన అవకాశం ఇవ్వడమే న్యాయం అన్నాడు. దానికి నాకు బలంగా తోచే జవాబు ఇది: అటొకరు ఇటొకరు ఉన్నప్పుడు ఇద్దరి హక్కులూ సరితూగుతాయి, ఒక వైపు రెండో మనిషి వచ్చి చేరాక కూడా త్రాసు కదలలేదంటే, ఆ రెండో మనిషిని మనం మనిషిగా లెక్కపెట్టనే లేదని అర్థం. ఈ వాదంలో బాధలను కూడటం లేదు, మనుషులను ఒక్కొక్కరిగా గుర్తించడం మాత్రమే ఉంది.

మన మహాభారతంలో విదురుడి నోట వచ్చే శ్లోకం నాకు ఇక్కడ తప్పక గుర్తొస్తుంది. కులం (అంటే వంశం) కోసం ఒకణ్ని, గ్రామం కోసం కులాన్ని, జనపదం కోసం గ్రామాన్ని వదులుకోవాలని అది మెట్టు మెట్టుగా పెద్ద సంఖ్య వైపు ఎక్కుతుంది. అంతా ఎక్కాక, నాలుగో పాదం ఆత్మ కోసం భూమినంతటినీ వదులుకోవాలంటుంది. మూడు పాదాల్లో ఏ సంఖ్యాక్రమం రుజుమార్గంలా కనబడిందో దాన్నే చివరి పాదం తలకిందులు చేస్తుంది. కొన్ని విలువలు కూడికలో ఒక పదంగా ఒదగవని ఇంత క్లుప్తంగా చెప్పిన మాట నేను మరెక్కడా చదవలేదు.

గణితం "ఇది అసాధ్యం" అని చెప్పగలదా? దానివల్ల నీతికి ఏం ఒరుగుతుంది?

నా దృష్టిలో గణితం నీతికి చేసిన అతిపెద్ద ఉపకారం ఇదే. ఒక ఊరి నిధితో బోరు వేయించాలా, బడి గోడ కట్టాలా, రోడ్డు వేయాలా అని ముగ్గురు సభ్యులు తేల్చాలనుకోండి. మొదటివారి వరుస బోరు, బడి, రోడ్డు. రెండోవారిది బడి, రోడ్డు, బోరు. మూడోవారిది రోడ్డు, బోరు, బడి. బోరుకూ బడికీ పోటీ పెడితే బోరు గెలుస్తుంది; బడికీ రోడ్డుకీ పెడితే బడి; రోడ్డుకీ బోరుకీ పెడితే రోడ్డు. ముగ్గురిలో ఎవరి ఆలోచనలోనూ తికమక లేదు, కానీ ముగ్గురి ఉమ్మడి అభిప్రాయం గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. ఏ జంటకు ముందు పోటీ పెట్టాలో నిర్ణయించే అధ్యక్షుడు తనకు కావలసినదాన్ని గెలిపించుకోగలడు. 1785లో కాండోర్సే దీన్ని గుర్తించాడు. 1951లో కెన్నెత్ ఆరో ఇంకా లోతుకు వెళ్లాడు: మూడు లేదా అంతకంటే ఎక్కువ ప్రత్యామ్నాయాలు ఉన్నప్పుడు, ఎవరి ఇష్టాలు ఎలా ఉన్నా పనిచేస్తూ, అందరూ ఏకగ్రీవంగా మేలన్నదాన్ని మేలంటూ, రెండింటి పోలికలో మూడోదాన్ని చొరనీయకుండా, ఒక్కడి మాటే చెల్లుబాటు కాకుండా, పొందికైన సామాజిక వరుసను ఇచ్చే పద్ధతి ఏదీ ఉండదని నిరూపించాడు. 1970లో అమర్త్య సేన్ మరో మెట్టు ఎక్కి, అందరూ కోరేదాన్ని మన్నించడం, ప్రతివారికీ తమ సొంత విషయంలో కనీస స్వేచ్ఛ ఇవ్వడం అనే రెండు చిన్న కోరికలే ఒకదానితో ఒకటి ఢీకొనే సందర్భాలున్నాయని చూపించాడు.

వీటిని చూసి ప్రజాస్వామ్యం వ్యర్థమని తేల్చేవారు తొందరపడుతున్నారు. నాలుగు మంచి కోరికలు ఒకే ఒరలో ఇమడవని తెలిశాక, వాటిలో దేన్ని ఎంతవరకు సడలించాలన్న చర్చ నిజాయితీగా మొదలవుతుంది. తెలియకముందు ప్రతి పక్షమూ అన్నీ సాధిస్తామని మాట ఇచ్చేది.

కంప్యూటర్ అల్గారిథమ్ పక్షపాతం లేకుండా తీర్పు ఇవ్వగలదు కదా?

"పక్షపాతం లేకుండా" అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. అమెరికాలో నిందితులు మళ్లీ నేరం చేసే ప్రమాదాన్ని అంచనా వేసే కాంపాస్ అనే వ్యవస్థ మీద 2016లో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ పరిశోధన ప్రచురించింది. మళ్లీ నేరం చేయని నల్లజాతివారి మీద "ప్రమాదకరం" అన్న ముద్ర, అలాంటి తెల్లజాతివారి మీద కంటే ఎంతో ఎక్కువగా పడుతోందని అందులో చూపించారు. ఒకే మార్కు వచ్చినవారిలో మళ్లీ నేరం చేసినవారి శాతం రెండు జాతుల్లోనూ దాదాపు సమానమే కాబట్టి పక్షపాతం లేదని తయారుచేసిన సంస్థ జవాబిచ్చింది. ఇద్దరి అంకెలూ నిజమే కావడం ఎలా సాధ్యం?

ఒక చిన్న లెక్క వేద్దాం. అంకెలు నేను కల్పించినవి. రెండు సమూహాల్లో నూరేసి మంది ఉన్నారు. పోలీసు రికార్డుల ప్రకారం మొదటిదాంట్లో 40 మంది, రెండోదాంట్లో 20 మంది మళ్లీ పట్టుబడతారు. పరీక్ష "ప్రమాదం" అన్నవారిలో రెండు చోట్లా సరిగ్గా 60 శాతం, "భయం లేదు" అన్నవారిలో రెండు చోట్లా 10 శాతం పట్టుబడతారు. అంటే పరీక్ష మాటకు రెండు చోట్లా ఒకే విలువ ఉంది. ఇప్పుడు మొదటి సమూహంలో 60 మంది మీద ప్రమాద ముద్ర పడుతుంది. వారిలో 36 మంది నిజంగా పట్టుబడతారు, 24 మంది ఏ తప్పూ చేయరు. ఆ సమూహంలో నిర్దోషులు మొత్తం 60 మంది కాబట్టి వారిలో 40 శాతం మందికి అన్యాయంగా ముద్ర పడింది. రెండో సమూహంలో ముద్ర పడేది 20 మందికి. వారిలో నిర్దోషులు 8 మంది. మొత్తం 80 మంది నిర్దోషుల్లో ఇది 10 శాతం. ఒకే పరీక్ష, ఒకే విలువ, అయినా నిర్దోషి మీద ముద్ర పడే అవకాశం నాలుగింతలు. ఇది ఈ అంకెల ప్రత్యేకత కాదు. రెండు సమూహాల మూలశాతాలు (మొత్తం మందిలో మళ్లీ పట్టుబడేవారి శాతాలు) వేరుగా ఉండి, పరీక్ష పరిపూర్ణం కానప్పుడు ఈ న్యాయాలన్నీ ఒకేసారి దక్కవని ఆ తర్వాత గణితజ్ఞులు నిరూపించారు.

ఆ మూలశాతాలు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా అడగాలి. పోలీసులు ఏ వీధిలో ఎక్కువ తిరిగితే ఆ వీధిలోనే ఎక్కువమంది పట్టుబడతారు. రికార్డులో ఉండేది నేరం కాదు, అరెస్టు. మన దగ్గర అప్పుల మంజూరుకూ ఉద్యోగ దరఖాస్తుల వడపోతకూ ఇలాంటి వ్యవస్థలను తెస్తున్న ఈ రోజుల్లో, "ఏ న్యాయాన్ని వదులుకుని ఏ న్యాయాన్ని ఎంచుకున్నారు?" అని అడిగే హక్కు దరఖాస్తుదారుకు ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఒకే గణితంతో ఇద్దరు తత్వవేత్తలు వేర్వేరు నిర్ణయాలకు రావచ్చా?

రావచ్చు, వచ్చారు కూడా. మనం ఏ ఇంట్లో పుడతామో తెలియకుండా సమాజాన్ని ఎంచుకోవాలనుకోండి. ఒక సమాజంలో మూడు వర్గాల క్షేమం 10, 50, 90. మరొకదాంట్లో 30, 35, 40. ఎవరిగానైనా పుట్టే అవకాశం సమానం గనుక సగటును చూడాలని, అంటే 35 కంటే 50 మేలని జాన్ హర్షాన్యి 1950లలో వాదించాడు. 1971లో జాన్ రాల్స్ దాదాపు ఇదే తెలియనితనపు తెర వెనుక నిలబడి, అట్టడుగువారి స్థితినే చూడాలని, అంటే 10 కంటే 30 మేలని అన్నాడు. ఇద్దరి లెక్కలోనూ దోషం లేదు. తెలియనితనాన్ని సమాన సంభావ్యతగా అనువదించవచ్చా, ఒక జీవితంతో పందెం కాయవచ్చా అన్న దగ్గర వారు విడిపోయారు.

గణిత సత్యాలు, నైతిక సత్యాలు ఒకే జాతివా?

రెండూ కంటికి కనబడవు, రెండింటికీ ప్రయోగశాల లేదు అన్నంతవరకు పోలిక ఉంది. కొన్ని నైతిక సూత్రాలు గణిత స్వీకృతాల్లాగే స్వయంసిద్ధమని 1930లో డబ్ల్యూ. డి. రాస్ వాదించాడు. నాకు మాత్రం సమాంతర రేఖల స్వీకృతం గుర్తొచ్చి కాస్త జాగ్రత్త పడాలనిపిస్తుంది. రెండు వేల ఏళ్లు తిరుగులేనిదనుకున్న దాన్ని పక్కనపెట్టి కూడా పొందికైన జ్యామితులు కట్టవచ్చని పందొమ్మిదో శతాబ్దంలో తేలింది. గణితజ్ఞుడు ఆ జ్యామితులన్నింటినీ పక్కపక్కనే ఉంచుకోగలడు. రేపు ఉదయం ఎవరికి మందు ఇవ్వాలో తేల్చవలసిన వైద్యురాలికి ఆ వెసులుబాటు లేదు.

అంకెలకు అలవాటుపడితే మనసు మొద్దుబారదా?

మొద్దుబారే ప్రమాదం నిజంగా ఉంది. అంకెకు అందేది అందనిదాన్ని పక్కకు నెట్టేస్తుంది. ఉత్తీర్ణత శాతంతో మాత్రమే ఒక బడిని కొలిస్తే, ఏడుస్తూ వచ్చిన పిల్లాడి పక్కన కూర్చున్న పంతులుగారి గంటసేపు ఎక్కడా నమోదు కాదు. క్రమంగా ఆ గంట కూడా పోతుంది. విషయం ఎంత కచ్చితత్వాన్ని ఇముడ్చుకోగలదో అంతే కచ్చితత్వాన్ని దాని నుంచి ఆశించాలన్న అరిస్టాటిల్ హెచ్చరికను ప్రతి గణిత అధ్యాపకుడూ గుర్తుంచుకోవాలి. అయితే లెక్క వేయకుండా ఉంటే మనసు మెత్తగా ఉంటుందన్నది కూడా నిజం కాదు. ఎవరి పేరు తెలుసో, ఎవరి ఏడుపు వినబడుతుందో వారికే సాయం అందించి, దూరాన ఉన్న వెయ్యి మందిని మరిచిపోవడం మన హృదయానికి అలవాటే. అలా మరిచిపోయినవారిని లెక్కే మళ్లీ మన ముందుకు తెస్తుంది.

మా ఇంట్లో వాటాల పంపకానికి ఇదేమైనా పనికొస్తుందా?

పనికొస్తుంది. ఇద్దరైతే ఒకరు రెండు భాగాలు వేయాలి, రెండోవారు ముందు కోరుకోవాలి. ముగ్గురూ అంతకంటే ఎక్కువమందీ అయితే ఏం చేయాలన్నదాన్ని రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పోలండ్ గణితజ్ఞుడు హ్యూగో స్టైన్‌హౌస్ ప్రశ్నగా ఎత్తుకున్నాడు. ఆయన సహచరులు బానాఖ్, క్నాస్టర్ దానికి పద్ధతి కనిపెట్టారు. ఒకరు ఒక భాగం కోస్తారు. అది తన న్యాయమైన వాటా కంటే ఎక్కువనిపించిన ప్రతివారూ వరుసగా దాన్ని కాస్త కాస్త తగ్గిస్తారు. చివరగా తగ్గించినవారే ఆ భాగం తీసుకుని పక్కకు తప్పుకుంటారు. మిగతావారు మిగిలినదాని మీద మళ్లీ మొదలుపెడతారు. భూమి ధర ఎంతో అందరూ ఒప్పుకోనక్కర్లేదు. ఎవరి కొలత వారిదైనా, ఎవరి దృష్టిలోనూ తమ వాటా తక్కువ కాదు.

మా నాన్నగారూ బాబాయిగారూ నాలుగెకరాలు పంచుకున్నప్పుడు నాకు పన్నెండేళ్లు. పెద్దవాడు గనుక నాన్నగారు భాగాలు వేయాలి, బాబాయి కోరుకోవాలి. నాన్నగారు మూడు రోజులపాటు గట్ల వెంట తిరిగారు. బావి ఉన్న వైపు నేల చౌడు. కాలువ వైపు నేల మంచిది గానీ దారి లేదు. బాబాయి బండి తోలుకుంటూ వస్తే ఎటు నుంచి వస్తాడు, వేసవిలో నీళ్లకు ఎంత దూరం నడుస్తాడు అని తనలో తాను గొణుక్కుంటూ తాడు పట్టుకుని కొలిచేవారు. తాడు రెండో కొస నా చేతిలో ఉండేది. మూడో రోజు సాయంత్రం గట్టు రాయిని తన వైపుకు ఆరడుగులు జరిపించి, వెనక్కి నిలబడి చూసి, "ఇప్పుడు ఏది వచ్చినా నాకు సమ్మతమే, పిలవరా బాబాయిని" అన్నారు.